పడమటి అంచు అవతల

ఆ గదిలో ఇప్పటికీ ఆమెను పడమటక్క అనే తలుచుకుంటారు. అసలు పేరు జీతాల కాగితాల మీద ఉండేది గానీ ఎవరి నోటా ఆడేది కాదు. సూర్యుణ్ణి కనిపెట్టుకుని ఉండడం ఆమె ఉద్యోగం. పొద్దున్నే మేడెక్కి, టెలిస్కోపులోంచి తెల్లకాగితం మీద పడే సూర్యబింబాన్ని పెన్సిలుతో గీసేది. ఏ మచ్చ ఎక్కడుంది, నిన్నటికన్నా ఎంత జరిగింది, ఎంత వాచింది, అన్నీ ఆ కాగితం మీదికి ఎక్కేవి. తర్వాత కిందికి దిగి, గోడకున్న నల్లబల్ల మీది పెద్ద వృత్తంలో సుద్దముక్కతో అవే మచ్చలు పెట్టేది. గది నిండా తెరలున్నాయి, ఉపగ్రహాలు పంపే బొమ్మలున్నాయి. అయినా ఆ నల్లబల్లను తీసెయ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు.

సూర్యుడూ తన చుట్టూ తాను తిరుగుతాడు. తూర్పు అంచున పొడుచుకొచ్చిన మచ్చ రోజుకింత చొప్పున నడిచి, పడమటి అంచు దాటి అవతలికి పోతుంది. అలా దాటినదాన్ని మర్నాడు పొద్దున బల్ల మీంచి తుడిచెయ్యడం ఆ గది అలవాటు. కంటికి కనపడనిదానికి బల్ల మీద చోటెందుకు? ఆమె మాత్రం తుడవదు. వృత్తం బయట, పడమటి పక్కన చిన్న ఇంటూ గుర్తు పెట్టి, మచ్చ ఈపాటికి ఎక్కడిదాకా పోయి ఉంటుందో ఊహించి రోజూ దాన్ని కాస్త జరిపేది. కొత్తగా చేరినవాళ్ళు నవ్వేవాళ్ళు.

"వెళ్ళిపోయిన చుట్టానికి కూడా కంచం పెడతావేంటక్కా?"

"వెళ్ళిపోలేదురా. పక్కగదిలోకి వెళ్ళాడు. అక్కణ్ణుంచి అరిస్తే నీకు వినపడదా?"

ఆ మాటకి తనే ముందు నవ్వేది. గొంతులో మొదలై భుజాల్లోకి పాకే నవ్వు. ఎదురుగా ఉన్నవాడు ఎంత బిగదీసుకుని కూర్చున్నా సడలిపోవలసిందే.

పై అధికారికి ఆ గది పెట్టుకున్న పేరు బ్రేకు సారు. ఏ సంగతి చెప్పినా ఆయన నోట మొదట వచ్చే మాట "ఆగండి". తనకా పేరుందని ఆయనకీ తెలుసు. ఒకసారి ఎవరో ఫోన్ చేసి తడబడి "బ్రేకు సారున్నారా" అంటే, "బ్రేకు సారే మాట్లాడుతున్నాను, చెప్పండి" అన్నాడు.

ఆ రోజు పొద్దున ఆమె ఒక చేత్తో తుడుపుగుడ్డ, ఒక చేత్తో సుద్దముక్క పట్టుకుని బల్ల ముందు ఉండగా చెల్లెలి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. తల్లి పోయేనాటికి ఆ పిల్లకి జడ వేసుకోవడం కూడా రాదు. జడ వేసింది, చదివించింది, పెళ్ళి చేసింది అంతా ఈమే. చెల్లెలు దూరదేశాలకు పోయే విమానాల్లో ప్రయాణికుల్ని చూసుకునే పని చేస్తుంది.

"అక్కా, పక్కన ఎవరైనా ఉన్నారా?"

"నల్లబల్ల ఉంది. చెప్పు."

"నిలిచిందక్కా."

ఆమె ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది. ఒక్కసారిగా ఎక్కడ నిలబడిందో మర్చిపోయింది.

"ఎన్నో నెల?"

"రెండు నిండుతున్నాయి. నిన్న డాక్టరమ్మ చెప్పింది. ఈయనైతే వంటింట్లో కూర్చుని ఒకటే ఏడుపు. ఉల్లిపాయలు కోస్తున్నానని బుకాయిస్తున్నాడు, ఎదురుగా ఒక్క ఉల్లిపాయ లేదు."

"పిచ్చిదానా! మరి ఇంకా పనికి ఎందుకు పోతున్నావ్? మీ కంపెనీవాళ్ళకి చెప్పలేదూ?"

"చెప్పను. రెండుసార్లు చెప్పాను కదా. రెండుసార్లూ పోయాక ఆ మొహాలు చూశాను కదా. ఒక్కొక్కరూ వచ్చి భుజం తట్టడం, నేను వస్తే మాట్లాడుకోవడం ఆపెయ్యడం. ఈసారి మూడో నెల దాటేదాకా ఎవరికీ తెలియడానికి వీల్లేదు. నీ నోరు జారిందో, నీతో జన్మలో మాట్లాడను."

"సర్లే. ఇవాళ ఏ దారి?"

"పైదారే. మధ్యాహ్నం."

పైదారి అంటే భూమి నడినెత్తి మీదుగా, ధ్రువం పక్కనించి పోయే దారి. అటు పోతే ప్రయాణం చాలా తగ్గుతుంది. "జాగ్రత్త తల్లీ" అని ఆమె ఫోన్ పెట్టేసింది. మాట్లాడుతున్నంతసేపూ తుడుపుగుడ్డ బల్ల మీద దాని పాటికి అది తిరుగుతూనే ఉంది. నిన్నటి మచ్చలన్నిటితో పాటు వృత్తం బయట తను నాలుగు రోజులుగా జరుపుతూ వచ్చిన ఇంటూ గుర్తు కూడా పోయింది. ఆమె చూసుకోలేదు. కళ్ళనిండా నీళ్ళున్నాయి.

భోజనాల తర్వాత సూర్యుడి నడిమధ్యలో ఒక చిన్న మచ్చ దగ్గర జ్వాల లేచింది. పెద్దదేం కాదు. అలాంటివి నెలకి బోలెడు. కానీ కాసేపటికి అంతరిక్షంలోని పరికరం రేణువుల లెక్క పెరుగుతోందని చూపించింది. సూర్యుడి మీద పేలుడు జరిగినప్పుడు ఒక్కోసారి పరమాణువుల తునకలు వెలుగుకి కాస్త వెనకగా, ఊహకందని వేగంతో వచ్చిపడతాయి. నేల మీదున్నవాళ్ళకి వాటితో పనిలేదు. భూమికున్న అయస్కాంత గొడుగూ, మన నెత్తిమీది గాలీ వాటిని ఆపేస్తాయి. ధ్రువాల దగ్గర ఆ గొడుగుకి చిల్లి. అంత ఎత్తున ఎగిరే విమానానికి గాలి కూడా పల్చన, లోపలున్నవాళ్ళ ఒంటికి రేడియేషన్ తగుల్తుంది. అందుకే పైదారిన విమానం పంపేముందు కంపెనీవాళ్ళు ఈ గదికి ఫోన్ చేసి అడుగుతారు.

"నడిమధ్య జ్వాలదే" అన్నాడు బ్రేకు సారు తెర చూసి. "చిన్నది. వచ్చినట్టే పోతుంది."

"అంతే సార్" అంది ఆమె కూడా. జ్వాలలో పుట్టిన రేణువులు కాసేపు చిటపటలాడి చల్లారతాయి. విమానం ధ్రువం చేరేసరికి ఆకాశం శుభ్రంగా ఉంటుంది.

ఫోన్ మోగింది. కంపెనీలో విమానాల దారులు చూసే ఆయన. ఏళ్ళ తరబడి గొంతులే తప్ప మొహాలెరగని పరిచయం. ఆయన్ని ఆమె అన్నయ్యా అంటుంది.

"ఏమ్మా, మీ సూర్యుడు తుమ్మాడటగా. మా పైదారి బండి సంగతేంటి?"

"చిన్న తుమ్మే అన్నయ్యా. పంపించుకోండి."

"హమ్మయ్య. అవునుగానీ ఇవాళేంటి, 'ఉండు, పడమర చూసి చెప్తా' అనలేదు? మా దగ్గర పందేలు కాసుకుంటాం తల్లీ, ఆ మాట అంటావా అనవా అని. ఇవాళ నేను ఓడిపోయాను."

ఆమె నవ్వబోయింది. నవ్వబోతూ బల్ల వైపు చూసింది. వృత్తం బయట, పడమటి పక్కన ఏమీ లేదు.

అవతలికి పోయిన మచ్చ మామూలుది కాదు. అంచు చేరేనాటికే బాగా వాచి, మెలికలు తిరిగి, ఇవాళో రేపో పగులుతుందన్నట్టుండింది. దాన్ని తన చేత్తోనే తుడిచేసింది. గదిలో ఇంకెవరికీ అది గుర్తుండే అవకాశం లేదు. గుర్తుపెట్టుకునేది తనొక్కతే కదా.

"అన్నయ్యా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను."

"ఏంటీ?"

"పంపించుకోమన్నాను కదా. అనలేదనుకోండి. కాసేపాగండి."

"అమ్మా, జనాన్ని ఎక్కించేస్తున్నారమ్మా! దారి మార్చాలంటే ఫ్యూయలు పొయ్యాలి, సామాను దింపాలి. కాసేపంటే ఎంత? మళ్ళీ చేస్తా, తేల్చి చెప్పు." ఆయన గొంతులో వేళాకోళం పోయింది.

ఆమె బ్రేకు సారు బల్ల దగ్గరికి వెళ్ళింది. "ఇవి నడిమధ్యవి కావు సార్. అవతలివి."

"ఆగు. అక్కడ జ్వాల లేచింది. కాసేపటికి రేణువులొచ్చాయి. ఇంకేం కావాలి?"

"వంటింట్లో గిన్నె పడింది, వీధిలో కుక్క మొరిగింది. రెండూ ఒక్కసారే వినపడితే గిన్నె మొరిగినట్టా సార్?"

ఆయన పెదవి చివర కొంచెం కదిలింది. "సరే చెప్పు."

"నడిమధ్య నుంచి రేణువు మన దగ్గరికి తిన్నగా రాలేదు. తోటలో గిరగిరా తిరుగుతూ నీళ్ళు చల్లే గొట్టం ఉంటుంది చూడండి, దాని ధారలా సూర్యుడి అయస్కాంత గీతలు వంపు తిరిగి ఉంటాయి. మనదాకా వచ్చే గీత మొదలు పడమటి వైపుంటుంది. అంత చిన్న జ్వాల నుంచి, అందులోనూ నడిమధ్య నుంచి, ఇన్ని రావు. నాలుగు రోజుల కింద అంచు దాటిన ఆ పెద్ద మచ్చ అవతల పగిలి ఉంటుంది. పగిలినదాంట్లోంచి లేచిన మేఘం ముందు పడవ ముందు నీళ్ళు లేచినట్టు వెడల్పాటి అల పరిగెత్తుకొస్తుంటుంది. ఆ మచ్చ పైన ఇన్నాళ్ళూ అయస్కాంతపు బిగింపులో చిక్కుకుని ఉన్న పదార్థాన్ని అది తోసుకుంటూ వస్తుంది. ఆ అల మన గీత మొదలుని తాకితే చాలు. అల నడిచినంతసేపూ రేణువులు పుడుతూనే ఉంటాయి. ఇది గంటల్లో పోయేది కాదు సార్, రోజులు పడుతుంది."

"ఎక్కడ పుట్టాయన్నదాన్ని బట్టే ఎంతసేపుంటాయో చెప్పగలం. ఒప్పుకుంటాను. కానీ అవతల పగిలిందనడానికి నీ దగ్గరేముంది? ఉపగ్రహం నుంచి మేఘం బొమ్మ ఇంకా దిగలేదు. పోయినసారి ఇలాగే పడమటి అంచు అన్నావు. మూడు విమానాల్ని చుట్టూ తిప్పించాం. మర్నాడు చీమ కూడా కుట్టలేదు."

అప్పుడు కంపెనీవాళ్ళు తిట్టిన తిట్లన్నీ ఆయనే పడ్డాడు. ఆమె మీద ఈగ వాలనివ్వలేదు. ఇన్నాళ్ళూ ఆ మాట ఎత్తనివాడు ఇవాళ ఎత్తాడు.

"నిన్నెప్పుడూ ఇలా చూళ్ళేదు" అన్నాడు ఆయనే మళ్ళీ, మెల్లగా. "ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతున్నావు. ఏంటి సంగతి?"

ఆ గదికి ఒక నియమం ఉంది. ఏ విమానంలో తనవాళ్ళుంటే ఆ విమానం గురించి తను నోరెత్తకూడదు. రాసి పెట్టుకున్నది కాదు, కానీ తప్పినవాళ్ళు లేరు. భయపడేవాడి కంటికి ప్రతి అంకే పెద్దగా కనిపిస్తుందని అక్కడ కూర్చున్న అందరికీ తెలుసు. ఇందాకటిదాకా ఆ నియమం ఆమెకు గుర్తురాలేదు, పైదారికి భయం లేదనుకుంది గనక. ఇప్పుడు చెబితే తన మాటకి విలువ పోతుంది. చెప్పకపోతే, తను అనే ప్రతి మాటలోనూ దొంగతనం ఉంటుంది.

"ఆ విమానంలో మా చెల్లి పనిచేస్తోంది సార్."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇవాళ్టికి నీ కుర్చీ దిగు" అన్నాడు. కోపం లేదు. "ఆ కిటికీ దగ్గర కూర్చో. నేను చూస్తాను. నువ్వు మాట్లాడకు."

ఆమె వెళ్ళి కిటికీ పక్కన కూర్చుంది. అక్కణ్ణుంచి తెర కనిపిస్తుంది, అంకెలు కనిపించవు. గీత ఒక్కటే కనిపిస్తుంది, ఎగబాకుతున్న గీత. చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. తన అనుమానం ఎక్కడ పుట్టింది? చూసిన లెక్కల్లోనా, పొద్దున వచ్చిన ఫోన్‌లోనా? చెల్లెలు ఆ విమానంలో లేకపోతే, ఈపాటికి తను కూడా చిన్న తుమ్మేనని టీ తాగుతూ ఉండేదా? ఏమో.

బ్రేకు సారు రేణువుల్ని రకాలవారీగా వేరుచేసే పరికరం లెక్క తెరిచాడు. పుట్టినచోటి జాడ రేణువుల కలగలుపులోనే ఉంటుంది. జ్వాలలో పుట్టినవాటిలో తేలికరకం హీలియం మరీ ఎక్కువగా ఉంటుంది, ఇనుము కూడా పాలు మించి ఉంటుంది. అల తోసుకొచ్చినవాటిలో అలా ఉండదు. కానీ చూసి చెప్పాలంటే గిద్దెడైనా పోగుపడాలి. ఇంకా చిటికెడే పడ్డాయి.

ఫోన్ మోగింది. "సార్, తలుపులు వేస్తున్నారు. అవునా, కాదా?"

"ఆగండి."

"ఆగడానికి ఇది సిటీ బస్సు కాదు సార్!"

"వద్దనడానికి నా దగ్గర ఆధారం లేదు. లేవనివ్వండి. ఉత్తరానికి మళ్ళే చోటు రాకముందే చెప్తాను."

"ఆ చోటు దాటాక చెప్తే ఉపయోగం లేదు. అది గుర్తుపెట్టుకోండి."

ఆమె లేచి నిలబడింది. ఆయన ఇటు తిరక్కుండానే అన్నాడు. "విమానంలో పనిచేసేవాళ్ళకి రేడియేషన్ మామూలుకన్నా కాస్త ఎక్కువ తగుల్తుంది. మిగతా నెలల్లో తక్కువ ఎగిరి సర్దుకుంటారు. ప్రాణం మీదికైతే రాదుగా. కూర్చో."

సర్దుకుంటారు, నిజమే. రెండు నెలల పిండం ఏం సర్దుకుంటుంది? మాట నాలుక చివరికొచ్చింది. ఆమె గబగబా గది బయటికి పోయి చెల్లెలికి ఫోన్ చేసింది. స్విచాఫ్. మళ్ళీ చేసింది. అదే యంత్రపు గొంతు, అదే మర్యాద. లోపలికొచ్చింది.

"సార్, మా చెల్లి..."

"ఆగు." ఆయన చెయ్యెత్తాడు. ఆయన జీవితంలో అన్ని "ఆగు"ల్లోకీ అది గట్టిది. "ఏం చెప్పబోతున్నావో నాకు తెలీదు. చెప్పొద్దు. చెబితే నా చెయ్యి అటే లాగుతుంది. అప్పుడు ఈ గదిలో లెక్క చూసేవాడు ఒక్కడు కూడా మిగలడు."

ఆమె వెళ్ళి మళ్ళీ కిటికీ పక్కన కూర్చుంది. ఆయన్ని ఆ క్షణంలో ఎంత అసహ్యించుకుందో, అంత నమ్మింది కూడా.

విమానం లేచింది. ఆ తర్వాత గీత నిలకడపడింది. ఇంకాసేపటికి కిందికి వంగడం మొదలుపెట్టింది. బ్రేకు సారు వెనక్కి వాలి ఊపిరి వదిలాడు. "దిగుతోంది" అన్నాడు. ఆమె రెండు చేతులూ ఒళ్ళో బిగించి పట్టుకుంది. తను తప్పని తేలాలని ఇంతగా ఎప్పుడూ కోరుకోలేదు. దిగు, దిగు, ఇంకా దిగు. నన్ను చేతకానిదాన్ని చెయ్యి, రేపంతా వీళ్ళు నన్ను ఏడిపించనీ.

గీత ఆగింది. ఆగి, ఈసారి ఊగకుండా, నిక్కబొడుచుకుని పైకి లేచింది. చూస్తుండగానే మొదటి ఎత్తుని దాటిపోయింది.

ఆయన ముందుకు వంగాడు. వేరుచేసిన లెక్క మళ్ళీ తెరిచాడు. ఇప్పుడు గిద్దెడు కాదు, శేరు పడింది. చాలాసేపు చూశాడు. తేలికరకం హీలియం వెతికితే గానీ దొరకలేదు. ఇనుమూ ఉండవలసిన పాటి కన్నా తక్కువే. సరిగ్గా అప్పుడే మేఘం బొమ్మ దిగింది. బొమ్మ నిండా తెల్లటి చుక్కలు, టీవీలో చానల్ పోయినప్పటి మాదిరి. ఆ చుక్కలన్నీ కెమెరాని నేరుగా వచ్చి గుద్దుకుంటున్న రేణువులే. ఆ తెల్లటి గందరగోళం వెనకాల, వెలుగు అడ్డు రాకుండా కెమెరాలో సూర్యుణ్ణి కప్పే పళ్ళేనికి పడమటి పక్కన, బల్బులా ఉబ్బుతున్న మేఘం. దాని కాళ్ళు ఇవతలి మొహం మీద ఎక్కడా ఆనలేదు. అంచు వెనక్కి పోయాయి.

ఆయన ఆమె వైపు చూడలేదు. ఫోన్ తీశాడు.

"పైదారి వద్దు. తిప్పేయండి... లేదు, తగ్గదు. రేపు కూడా తగ్గదు... ఫ్యూయలు చాలకపోతే మధ్యలో ఎక్కడైనా దింపండి... అవునయ్యా, నన్నే తిట్టు, నా పేరే రాసుకో. ముందు తిప్పు."

అవతల కాసేపు అరుపులు, ఎవరితోనో మంతనాలు. ఆమె కిటికీ చువ్వ పట్టుకుని నిలబడింది. తర్వాత కంపెనీ ఆయన గొంతు వినపడింది, స్పీకరు లేకుండానే గదంతా వినపడేంత గట్టిగా: "మళ్ళింది సార్. ఇంకా ఉత్తరానికి ఎక్కలేదు, గొడుగు కిందే ఉంది."

బ్రేకు సారు ఫోన్ పెట్టి, తెర వైపే చూస్తూ అన్నాడు. "మంచినీళ్ళు తాగు. నాక్కూడా కాసిని పట్రా."

సాయంత్రం చెల్లెలు ఫోన్ చేసింది. ఎక్కడో పక్కదేశపు విమానాశ్రయం. వెనకాల పిల్లల ఏడుపులు, విసుగులు, ఎవరో మేనేజర్‌ని పిలవమని కేకలు.

"అక్కా, ఇక్కడ పడ్డాం. ఎవరో పుణ్యాత్ములు సూర్యుడిలో ఏదో చూశార్ట. మూడువందల మంది నన్నే తినేస్తున్నారు. నువ్వేనా?"

"నేను కాదు. నన్ను కుర్చీలోంచి దింపేశారు."

"ఎందుకూ?"

"నీవల్లే."

"చెప్పేశావా?"

"నోటిదాకా వచ్చింది. సారు ఆపేశాడు."

"ఆయనకి నా తరపున దణ్ణం పెట్టు." తర్వాత గొంతు తగ్గించింది. "ఫ్యూయలు పోసుకుని మళ్ళీ లేస్తాం. కిందిదారిలోనే. ఎక్కనా?"

"ఆఫీసుని అడుగుతున్నావా, అక్కని అడుగుతున్నావా?"

"ఆఫీసేమంటుంది?"

"కిందిదారిలో మామూలువాళ్ళకి భయం లేదంటుంది. నువ్వు మామూలుగా లేవని ఆఫీసుకి తెలీదు."

"అక్కేమంటుంది?"

"దిగిపోమంటుంది."

"దిగాలంటే చెప్పాలి."

"చెప్పు."

"మళ్ళీ పోతే అక్కా? మళ్ళీ అందరూ..."

"పోతే ఇద్దరం కూర్చుని ఏడుద్దాం. భుజం తట్టడానికి వచ్చినవాళ్ళని గుమ్మంలోంచే నేను పంపించేస్తాను. దిగమ్మా."

చెల్లెలు ముక్కు ఎగబీల్చింది. "పెట్టెయ్యకు. లైన్లోనే ఉండు."

అడుగుల చప్పుడు, ట్రాలీ చక్రాల చప్పుడు, ఏదో తలుపు. ఫోన్‌ని గుండెకి ఆనించుకుందేమో, బట్ట రాపిడిలోంచి మాటలు మందంగా వస్తున్నాయి. ఈమె చెవి పగిలేంత గట్టిగా ఫోన్ నొక్కుకుంది.

"కెప్టెన్‌గారూ, ఒక్క మాట. నేను ఇక్కణ్ణుంచి ఎగరలేను."

"ఏమైందమ్మా, ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది సార్. బాగానే ఉంది. నాకు... రెండో నెల."

అవతల కుర్చీ లాగిన చప్పుడు.

"ముందు కూర్చోమ్మా" అన్నాడాయన. "తర్వాత మాట్లాడుకుందాం."